కోడలి గాటు

అనగా అనగా, గోదారికి అవతల, అడవికి ఇవతల, ఒక ఊళ్ళో... ఏమే పండూ, ఊఁ కొట్టవే? నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే కూలబడుతుంది. ఆఁ, అలాగ, గట్టిగా.

ఆ ఊరు మానుపాడు. ఊళ్ళో మగాళ్ళందరిదీ ఒకటే పని, రంపం కోత. ఒకడు పైన, ఒకడు కింద నిలబడి టేకు మానుల్ని పలకలుగా కోసేవాళ్ళు. ఆడవాళ్ళేం తక్కువ తినలేదు. కోసిన మొద్దు మొహం చూశారంటే చాలు, ఏ ఏడు వాన పడిందో, ఏ ఏడు ఎండగొట్టిందో గడగడా చెప్పేసేవాళ్ళు.

ఎలాగంటావా? మానుని అడ్డంగా కోస్తే లోపల చుట్లు చుట్లుగా ఉంటుంది. ఏడాదికి ఒక చుట్టు. వాన దండిగా పడిన ఏడు మాను కడుపారా తాగి లావుపాటి చుట్టు వేస్తుంది. వాన మొహం చాటేసిన ఏడు దానికి తాగడానికే లేదు, ఇంక పెరిగేదేంటి? వెంట్రుకంత సన్నపు చుట్టు వేసి, ప్రాణం బిగబట్టుకుని ఊరుకుంటుంది. ఆ అడవిలో ఏ మానుని కోసినా అంతే. అన్నీ ఒకే ఏడు లావెక్కేవి, అన్నీ ఒకే ఏడు చిక్కిపోయేవి.

ఆ ఊళ్ళో ఇంకో చోద్యం ఉండేది. ఇంటికో టేకు మాను, ఊరి పొలిమేరలో. కొత్తకోడలు వచ్చినప్పుడు ముందు ఇంటికి తీసుకెళ్ళరు, మాను దగ్గరికి తీసుకెళతారు. అత్త గొడ్డలి చేతికిస్తుంది. ఇంటివైపు తిరిగి ఉన్న పక్కన, నడుమెత్తున, కోడలు ఒక్క గాటు పెట్టాలి. దాన్ని కోడలి గాటు అనేవాళ్ళు. ఆ తర్వాతే ఇంట్లోకి కాలు.

గాటుని మాను మెల్లమెల్లగా కప్పేసుకుంటుంది. కొన్నేళ్ళు పోతే పైకి ఏమీ కనపడదు. లోపల మాత్రం నల్లటి మచ్చ అలాగే ఉండిపోతుంది.

మరి కోడలు నచ్చకపోతేనో? వెళ్ళగొట్టాలంటేనో? అప్పుడు ముందు ఆ ఇంటి మానుని సరిగ్గా గాట్లున్న చోట అడ్డంగా కోసి పడెయ్యాలి. మాను నిలబడి ఉన్నంతకాలం కోడలు ఆ ఇంటిదే. పాతకాలపు పెద్దలు ఎందుకలా పెట్టారంటే, తాతలనాటి మాను మీద రంపం పెట్టే ముందు ఎంత కోపిష్టి అయినా కాసేపు ఆగుతుందని. అందుకే ఆ ఊళ్ళో ఎవ్వరూ, ఎప్పుడూ, ఆ పని చెయ్యలేదు.

అచ్చియ్యమ్మ చేసింది. హవ్వ! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

అచ్చియ్యమ్మ అంటే ఊళ్ళో అందరికీ హడలు. మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు గంగులు, రంపం కోతలో మంచి చెయ్యి. గంగులు పెళ్ళాం వరహాలు. నోట్లో నాలుక లేని పిల్ల. దానికి అమ్మా నాన్నా లేరు. పుట్టింటికి పోతే తలుపు తీసేవాళ్ళు లేరు. అది గుర్తుపెట్టుకో.

వరహాలు కాపరానికి వచ్చాక వానలు వెనకపట్టాయి. మొదటి ఏడు ఏదో సరిపెట్టుకున్నారు. రెండో ఏడు జొన్న కంకి పాలు పట్టలేదు. మూడో ఏడు వాగే ఎండిపోయింది. ఇసకలో గుంట తీసి, చిప్పతో నీళ్ళు తోడుకోవలసి వచ్చింది. అప్పుడు అచ్చియ్యమ్మకి కోపం తీర్చుకోడానికి ఒక మనిషి కావలసొచ్చింది.

"నేను ఈ ఊళ్ళో అడుగుపెట్టిన ఏడు వాగు పొంగి గడప తాకిందే! గాదెలు పట్టక జొన్నలు అరుగు మీద పోశారు. నేనొచ్చిన వేళ మంచిదని మా అత్త సూరాయమ్మ వీధి వీధీ చెప్పుకుంది. ఇది అడుగుపెట్టింది, ఉన్న చుక్క కూడా ఆవిరైపోయింది" అనేది. పొద్దున అదే మాట. మధ్యాహ్నం అదే మాట. రాత్రి కంచాల దగ్గరా అదే మాట. పైగా గంజిలో మెతుకంతా తనూ కొడుకూ పోసుకుని, పైన తేరిన నీళ్ళు వరహాలు కంచంలో వంపేది.

వరహాలు కళ్ళు దించుకుని తాగేసేది. చూశావా? నువ్వు పాలలో మీగడ ఉందని ఏడుస్తావు.

ఒకరోజు అచ్చియ్యమ్మ పొయ్యి దగ్గర నుంచి సరాసరి లేచి, కొంగు బిగించి, రంపం మేస్త్రి తాతబ్బాయి ఇంటికి పోయింది. తాతబ్బాయి ఊరికి పెద్ద.

"మరిదీ, రేపు మా మాను కోసెయ్యి" అంది.

తాతబ్బాయి చేతిలో ఉన్న ఆకురాయి కింద పడింది. ఆకురాయంటే రంపం పళ్ళు పదును పెట్టేది. "వదినా, మతుండే మాట్లాడుతున్నావా? ఊరు పుట్టాక అలా జరగలేదు" అన్నాడు.

ఆవిడ వినలేదు. ఆ తర్వాత గంగులు కాళ్ళు పట్టుకున్నాడు. "అమ్మా, నా చేతులతో ఎన్నో మానులు కోశాను. ఇది కోయలేనే" అని భోరుమన్నాడు. కొడుకు మాటా వినలేదు.

ఆ తర్వాత వరహాలు వచ్చింది. అది ఏమందో తెలుసా? "మాను ఎందుకు అత్తా? అది ఇన్నేళ్ళు పెరిగింది. నేనే పోతాను, ఎవరికీ తెలియకుండా పోతాను. దాన్ని ఉండనీ" అంది.

వీధిలో జనమంతా ముక్కున వేలేసుకున్నారు. తనకి పోవడానికి చోటు లేదు, మాను గురించి బతిమాలుతోంది! అచ్చియ్యమ్మ మనసు కూడా ఒక్క క్షణం వెనక్కి లాగింది. కానీ అంత దూరం వచ్చాక అందరి ముందూ వెనక్కి తగ్గితే పరువేం కావాలి?

"పోతే ఊరికే పోతావు. రేపు ఊరంతా నేనే గయ్యాళినంటుంది. కాదు! మాను కోయాలి. నా గాటు దగ్గర లావు చుట్టూ, దీని గాటు దగ్గర సన్న చుట్టూ అందరూ కళ్ళారా చూడాలి. అప్పుడు పోవాలి" అంది.

అదీ ఆవిడ చేసిన పని. మానునే సాక్షికి పిలిచింది.

తెల్లారింది. ఊరంతా పొలిమేరకి చేరింది. తాతబ్బాయి మానుకి దణ్ణం పెట్టాడు. రంపం ఒక కొస తను పట్టుకున్నాడు, రెండో కొస పట్టుకోడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి గంగులే పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని లాగాడు. రంపపు పొట్టు ఎర్రగా రాలుతోంది. టేకు వాసన ఊరంతా కమ్మేసింది. వరహాలు మూటతో ఒక పక్కన నిలబడి ఉంది.

ఎండ నెత్తికెక్కేసరికి మాను కిర్రుమంది. అమ్మో! ఆ చప్పుడుకి పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. తర్వాత దభీమని పడింది. నేల అదిరింది. పొలిమేరలో ఆకాశం ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఎప్పుడూ నీడలో ఉన్న చోట ఎండ పడేసరికి అచ్చియ్యమ్మకి కళ్ళు బైర్లు కమ్మాయి. అయ్యో, ఇంత పెద్దదా ఇది, అనుకుంది. ఆలోచన వచ్చింది, కానీ మాను పడ్డాక వచ్చింది.

అయినా బింకం పోలేదు. "చూడండి, అందరూ రండి" అంటూ మోడు దగ్గరికి నడిచింది. తడిగుడ్డతో పొట్టు తుడిచింది. మోడు మొహం మీద చుట్లన్నీ తేటగా కనపడ్డాయి. ఇంటివైపు పక్కన మూడు నల్లమచ్చలు. అన్నిటికన్నా లోపలిది సూరాయమ్మ గాటు. మధ్యది అచ్చియ్యమ్మ గాటు. బెరడు పక్కనే, ఇంకా పూర్తిగా మూసుకోనిది వరహాలు గాటు.

ముందు బెరడు పక్కన వేలు పెట్టింది. "ఇదిగో, సన్న చుట్లు. ఇది వచ్చినప్పటి నుంచే" అంటూ లెక్కపెట్టబోయింది. వరహాలు గాటు దాటి లోపలికి వేలు జరిగింది. జరిగి ఆగిపోయింది.

సన్న చుట్లు గాటు దగ్గర మొదలవలేదు. గాటుకి ముందే ఉన్నాయి. ఒకటి కాదు, రెండు. వరహాలు ఈ ఊరి మొహం కూడా చూడకముందే మాను చిక్కిపోవడం మొదలెట్టింది.

"అదెలా? ఆ రెండేళ్ళూ వాగు పారింది కదా!" అని అరిచింది అచ్చియ్యమ్మ.

తాతబ్బాయి వంగి చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. "పారింది వదినా. అంతకుముందు అడవి తాగి దాచుకున్న నీళ్ళు పారాయి. వాగు పారుతోంది కదాని మనం ఆకాశం వంకా చూడలేదు, కోసిన మొద్దుల వంకా చూడలేదు. మానుకి ముందే తెలిసింది, మనకి ఆలస్యంగా తెలిసింది. అంతే" అన్నాడు.

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఈ ఏడంతా నీళ్ళ గుంట దగ్గర వరహాలుని వెనక్కి నెట్టినవాళ్ళే అందరూ.

రుజువు అచ్చియ్యమ్మ వేలి కిందే ఉంది. కానీ ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు. "సరే, అది అలా ఉంచండి. నా గాటు చూడండి. దాని దగ్గర వేలంత లావు చుట్టు ఉంటుంది. వాగు గడప తాకిన ఏడు అది" అంది. అని మధ్య మచ్చ దగ్గరికి వేలు జరిపింది.

పండూ, అప్పుడేమైందో తెలుసా? అక్కడ లావు చుట్టు లేదు.

లావు కాదు కదా, అసలు చుట్టే కనపడలేదు. గోటితో గీకి, కళ్ళు చిట్లించి చూస్తే అప్పుడు కనపడింది. దారప్పోగంత. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. ఆ మాను మొత్తం మీద అంత సన్న చుట్లు ఇంకెక్కడా లేవు. ఇప్పటి కరువు చుట్లు వాటి పక్కన లావుగా కనపడ్డాయి. ఆ సన్నటి చుట్లలో అన్నిటికన్నా సన్నదాని మీద, సరిగ్గా అక్కడ, ఉంది అచ్చియ్యమ్మ గాటు.

అచ్చియ్యమ్మ మళ్ళీ గోటితో గీకింది. "ఇది నా గాటు కాదు" అని గొణిగింది. కానీ ఇంకెవరిది? ఆ ఇంటికి వచ్చిన కోడళ్ళు ముగ్గురే.

తాతబ్బాయి మోడు మీద చెయ్యి వేశాడు. "మా అమ్మ చెప్పేది. నాకంటే ముందు పుట్టిన పిల్ల గంజి లేక పోయిందని. ఎప్పుడమ్మా అంటే చెప్పేది కాదు. ఈ సన్న చుట్లు ఎన్నో మొద్దుల్లో చూశాను, ఏ ఏటివో లెక్కపెట్టనే లేదు. ఇదా ఆ ఏడు" అన్నాడు. ఆ కరువు తెలిసిన పెద్దవాళ్ళు ఒక్కళ్ళూ ఊళ్ళో మిగల్లేదు. మాను ఒక్కటే మిగిలింది. దాన్నీ ఇప్పుడే పడగొట్టారు.

మరి గాదెలు నిండాయని, వాగు పొంగిందని ఎవరు చెప్పారు? తర్వాత్తర్వాత సూరాయమ్మే చెప్పింది. అత్త చెప్పింది, కోడలు నమ్మింది. పదకొండేళ్ళ పిల్ల అది అప్పటికి. ఆ రోజుల్లో అంత చిన్నప్పుడే చేసేవాళ్ళు పెళ్ళిళ్ళు, ఏం చెప్పమంటావు. ఎక్కడో పల్లపు ఊరి నుంచి వచ్చింది. అత్త దాన్ని వాగు వైపు పోనిచ్చేది కాదు. అడవి పక్క ఊళ్ళో బతుకు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది.

ఇప్పుడు మోడు ముందు నిలబడితే ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది.

సూరాయమ్మ పొద్దు పొడవకముందే బిందె పట్టుకుని కొండ అవతలికి పోయేది. ఎండెక్కాక వచ్చేది. మా అత్తకి ఊసులెక్కువ, దారిలో కనపడిన ప్రతివాళ్ళతోనూ కూచుంటుంది అని అచ్చియ్యమ్మ నవ్వేది. ఊసులు కాదే! నీళ్ళ కోసం అంత దూరం పోయేది.

సూరాయమ్మ ముక్కుకి ఎర్రరాయి బేసరి ఉండేది. ఒకరోజు లేదు. వాగులో పడిపోయిందే పిల్లా అంది. ఎంత అజాగ్రత్తమ్మా నీకు అని అచ్చియ్యమ్మ చాలాకాలం దెప్పింది. వాగులో నీళ్ళెక్కడివి, పడిపోవడానికి? ఆ మర్నాడే ఇంటికి బియ్యపు మూట వచ్చింది.

ఇంక మూడోది. మూడోది గుర్తుకొచ్చేసరికి ఆవిడ అక్కడే, ఆ రంపపు పొట్టులో కూలబడిపోయింది.

రోజూ రాత్రి సూరాయమ్మ వేడి అన్నం కలిపి కోడలి కంచంలో పెట్టేది. నీకేది అత్తా అంటే, "నాకు ఆకలి లేదే. మధ్యాహ్నం తిన్నది ఇంకా అరగలేదు" అనేది. అని పొట్ట మీద చీర బిగించి కట్టుకుని పడుకునేది. అచ్చియ్యమ్మ వీధిలో ఆడపిల్లలతో ఆడుకుంటూ, మా అత్తకి అరుగుదల లేదే అని నవ్వుతూ చెప్పేది.

"అరుగుదల లేదన్నాను" అంది అచ్చియ్యమ్మ పైకే. అందరికీ వినపడేటట్టు అంది. "ఓరి నాయనో, మా అత్త పస్తులుంటే నేను అరుగుదల లేదని నవ్వానర్రా! బేసరి అమ్మి నాకు అన్నం పెట్టింది. నేనొచ్చిన వేళ మంచిదని ఊరంతా చెప్పింది. ఊరి నోరు నా మీద పడకుండా అడ్డం నిలబడింది. చచ్చేదాకా ఒక్క మాట బయట పెట్టలేదు!"

ఆ గొంతు విని వెనక నిలబడ్డవాళ్ళు కూడా ముందుకొచ్చారు. అచ్చియ్యమ్మ ఏడవడం ఎవ్వరూ ఎప్పుడూ చూడలేదు. మొగుడు పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు.

అప్పుడు వరహాలు మూట కింద పెట్టింది. వచ్చి, అత్త జుట్టులో పడ్డ పొట్టు దులిపింది. అంతే.

తాతబ్బాయి రంపం పక్కన పెట్టాడు. "కట్టుబాటు ప్రకారం మాను కోశాం వదినా. ఇప్పుడు కోడలు పోవాలా, ఉండాలా? నువ్వే చెప్పాలి" అన్నాడు.

అచ్చియ్యమ్మ కోడలి మూట చేతిలోకి తీసుకుంది. తన చంకలో పెట్టుకుంది. "పద ఇంటికి. పొద్దెక్కింది, పొయ్యి వెలిగించాలి" అంది.

ఆ సాయంత్రం గంజి కాగింది. అచ్చియ్యమ్మ గరిటె పట్టుకుంది. గంగులుకి పోసింది. ఆ తర్వాత గిన్నె అడుగున ఉన్న మెతుకంతా, చిక్కటిదంతా, వరహాలు కంచంలో వేసింది. గిన్నె బోర్లించేసింది.

వరహాలు బిత్తరపోయి చూసింది. "మరి నీకో అత్తా?"

"నాకు ఆకలి లేదే" అంది అచ్చియ్యమ్మ. గోడవైపు తిరిగి, చీర కుచ్చిళ్ళు బిగించి కట్టుకుంటోంది.

వరహాలు చెయ్యి కంచం మీద ఆగిపోయింది. మూడేళ్ళుగా కళ్ళు దించుకుని ఉన్న పిల్ల, మొదటిసారి తలెత్తి అత్త కళ్ళలోకి చూసింది.

"ఆ అబద్ధం ఈ ఇంట్లో ఒక్కళ్ళు చెప్పారు, చాలు" అంది. "రా, కూచో."

అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. నిన్నటి అచ్చియ్యమ్మైతే ఏం మాటలనేదో! కానీ వచ్చి కూచుంది. వరహాలు కంచం ఇద్దరి మధ్యకీ జరిపింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. సరిపోయిందా అంటే సరిపోలేదు. అయినా తిన్నారు.

ఆ తర్వాత వాన పడిందా అంటావా? పడింది. వాళ్ళు మంచివాళ్ళయ్యారని పడలేదు, దాని వేళకి అది పడింది. ఆ పాత సన్న చుట్ల తర్వాత లావు చుట్లు వచ్చాయి కదా, ఇప్పుడూ అలాగే వచ్చాయి. నాలుగు జల్లులు పడేసరికి మోడు పక్క నుంచి ఎర్రటి చివురు తొంగిచూసింది. టేకంటే అంతే, నరికినా వేరు ఊరుకోదు. అచ్చియ్యమ్మ రోజూ పొద్దున్నే బిందె పట్టుకుని దానికి నీళ్ళు పోసేది. ఆ చివురే పెరిగి పెద్ద మానైంది.

ఏమిటే, ఆ మానుకి గాటు పెట్టిన కోడలెవరంటావా? ఇంకెవరు, వరహాలు కోడలు. అంటే మా అమ్మ. ఏం, నోరలా తెరిచావు? మరి నేనెక్కడి నుంచి ఊడిపడ్డాననుకున్నావు? అందుకే చూడు, నేను ఎప్పుడైనా ఆకలి లేదన్నానంటే మీ అమ్మ నమ్మదు. కంచం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, తినేదాకా కదలదు. ఇంక కళ్ళు మూసుకో. ఊఁ కొట్టక్కర్లేదు ఇప్పుడు.

చివురొచ్చె మోడుకి,
కునుకొచ్చె కంటికి,
కథ వెళ్ళె కంచికి,
మనం చేరాం ఇంటికి.